ట్రాక్టరు ఇంజను మెయిన్ బేరింగు బోల్టులు: ఎంపికయు బిగింపును

కమాన్‌పూరు, మంథని, రామగుండము ప్రాంతములలో వరియు ప్రత్తియు ముఖ్యమైన పైరులు. దుక్కికిని, కరిగెటకును, ధాన్యమును మార్కెటునకు చేర్చుటకును నేడు ట్రాక్టరే ఆధారము. 2018వ సంవత్సరము జనవరి 1వ తేదీ నుండి తెలంగాణమున వ్యవసాయమునకు 24 గంటల విద్యుత్తు సరఫరా ఆరంభమైన పిదప నీరు తోడుటలో ఆయిలింజను అవసరము తగ్గినది. కాని పొలములోను బాటమీదను డీజిలు ఇంజను పని తగ్గలేదు, పెరిగినది.

ఈ ప్రాంతము బొగ్గు గనుల ప్రాంతము. ఓపెన్‌కాస్టు గనుల మట్టి, బొగ్గు లారీలు నడచు దారుల దుమ్ము గాలిలో కలిసియుండును. గాలి వడపోత డబ్బాను వేళకు శుభ్రపరచనిచో ఆ దుమ్ములోని సన్నని ఇసుక ఇంజనులోనికి పోయి నూనెతో కలిసి సిలిండరులను, పిస్టను రింగులను, బేరింగులను అరుగదీయును. అందుచే ఇంజను త్వరగా బోరుకు వచ్చును. బోరుకు వచ్చిన ఇంజనును విప్పినప్పుడు రైతు పిస్టనులు, లైనరులు, బేరింగు చిప్పలు కొనుటకు వెనుదీయడు. క్రాంకు షాఫ్టును పట్టియుంచు బోల్టుల విషయములో మాత్రము పాతవే చాలునని తలచును. ఒక్కొకచో బజారులో దొరికిన సామాన్యపు బోల్టునే వేయించును.

ఇట్టి పొదుపువలన కలుగు నష్టము మిక్కిలి పెద్దది. కాలువ నీరు వదలిన పిదప, నారు ఎదిగిన వేళ, కరిగెట నడుచుచుండగా బోల్టు తెగినచో క్రాంకు విరుగవచ్చును. ఇంజను బ్లాకు పగులవచ్చును. బ్లాకు పగిలిన ఇంజను తిరిగి కుదురుటకు పట్టు దినములలో నారు ముదిరిపోవును. కావున బోల్టుల ఎంపికను గూర్చి రైతు స్వయముగా తెలిసికొని మిస్త్రీతో మాటలాడుట యుక్తము.

1. బోల్టు చేయు పని

ఇంజను బ్లాకు అడుగున క్రాంకు షాఫ్టు వ్రేలాడుచుండును. దానిని క్రిందనుండి పట్టియుంచు ఇనుప కమానులకు మెయిన్ బేరింగు క్యాపులని పేరు. ఒక్కొక్క క్యాపును సామాన్యముగా రెండు బోల్టులు బ్లాకునకు బిగించియుంచును. నాలుగు సిలిండరుల ట్రాక్టరు ఇంజనులో సాధారణముగా ఐదు క్యాపులుండును.

డీజిలు మండినప్పుడు పిస్టను క్రిందికి నెట్టబడును. ఆ బలమంతయు కనెక్టింగు రాడ్డు ద్వారా క్రాంకునకును, క్రాంకు నుండి క్యాపులకును, క్యాపుల నుండి బోల్టులకును వచ్చును. 100 మిల్లీమీటర్ల బోరు గల సిలిండరులో చదరపు సెంటీమీటరునకు 100 కిలోగ్రాముల పీడనము పుట్టినదనుకొనినచో పిస్టనుమీద పడు బలము సుమారు 7,850 కిలోగ్రాములు. ఇది ప్రక్కనున్న రెండు క్యాపుల నాలుగు బోల్టులకు సమముగా పంచబడినచో ఒక్కొక్క బోల్టునకు 1,960 కిలోగ్రాములు వచ్చును. నిమిషమునకు 2,000 చుట్లు తిరుగు ఇంజనులో ఒక్కొక్క సిలిండరు నిమిషమునకు వేయి పర్యాయములు మండును, గంటకు అరువదివేలు. ఇన్ని దెబ్బలను బోల్టు ఓర్వవలెను.

ఇట్టి దెబ్బలను బోల్టు ఎట్లు ఓర్చుచున్నది? గడ్డిబండికి మోకు కట్టు రీతిని చూచిన ఈ సంగతి తెలియును. మోకును బాగుగా లాగి బిగించినచో బండి ఎంత కుదిపినను గడ్డి కదలదు, మోకు అరుగదు. వదులుగా కట్టినచో ప్రతి కుదుపునకును మోకు లాగబడి సడలి, తుదకు తెగును. బోల్టును అట్లే. బిగించినప్పుడు ఉక్కు రవ్వంత సాగి, స్ప్రింగువలె క్యాపును బ్లాకునకు అదిమిపట్టును. ఈ అదుము బలము ఇంజను దెబ్బకంటె ఎక్కువగా నున్నంతవరకు ప్రతి దెబ్బలోను బోల్టునకు తగులు మార్పు స్వల్పము. అదుము తగ్గినచో క్యాపు కదలును, దెబ్బ యంతయు బోల్టుమీదనే పడును, ఉక్కు అలసి ఒకనాడు తెగును. బోల్టు మితిమీరిన బలముచే తెగుట అరుదు. వదులుగా నుండుటచే అలసి తెగుటయే తరచు.

2. బోల్టు తలమీది గుర్తులు

బోల్టు బలము దాని తలమీద అంకెలతో ముద్రింపబడియుండును. ఈ అంకెల పద్ధతిని భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 1367 నిర్ణయించుచున్నది. మొదటి అంకెను నూరుతో హెచ్చించినచో చదరపు మిల్లీమీటరునకు ఎన్ని న్యూటనుల బలమునకు ఉక్కు తెగునో తెలియును. రెండవ అంకె, ఆ బలములో పదింట ఎన్ని వంతులవద్ద ఉక్కు తిరిగిరాని విధముగా సాగిపోవునో తెలుపును. 8.8 అనగా 800 న్యూటనులకు తెగును, 640 వద్ద సాగిపోవును. 10.9 అనగా 1,000కి తెగును, 900 వద్ద సాగిపోవును. అంగుళముల కొలతగల కొన్ని పాత ఇంజనుల బోల్టులమీద అంకెలకు బదులు గీతలుండును. మూడు గీతలు మధ్యరకము, ఆరు గీతలు మేలురకము.

12 మిల్లీమీటర్ల సామాన్యపు మరగల బోల్టు ఎంత బలమును చెడక ఓర్చునో ఈ క్రింద చూపబడినది.

4.6 గుర్తుగల మెత్తని ఇనుప బోల్టు: సుమారు 1,900 కిలోగ్రాములు.
8.8 గుర్తుగల బోల్టు: సుమారు 5,000 కిలోగ్రాములు.
10.9 గుర్తుగల బోల్టు: సుమారు 7,100 కిలోగ్రాములు.

పైని లెక్కలో ఒక్కొక్క బోల్టునకు వచ్చు దెబ్బ 1,960 కిలోగ్రాములని చూచితిమి. మెత్తని ఇనుప బోల్టు ఆ ఒక్క దెబ్బకే చాలదు. గేటునకును, నాగటి చట్రమునకును వేయు బోల్టు మెయిన్ క్యాపునకు పనికిరాదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు. తలమీద ఏ గుర్తును లేని బోల్టును ఎంత మెరయుచున్నను ఇంజనులో వేయింపరాదు.

ఎక్కువ అంకెగల బోల్టు ఎల్లప్పుడును మేలని తలచుటయు పొరపాటే. ఇంజనును నిర్మించినవారు క్యాపును ఒక నిర్ణీతమైన బలముతో బిగించి, ఆ స్థితిలోనే బేరింగు రంధ్రమును గుండ్రముగా కోసిరి. అంతకు మించిన బలముతో బిగించినచో రంధ్రము ఆకారము మారును. కావున నిర్మాత పుస్తకములో చెప్పబడిన తరగతి బోల్టునే, అదే పొడవు, అదే మర గలదానిని కొనవలెను.

3. పాత బోల్టును తిరిగి వేయవచ్చునా?

ఇందుకు సమాధానము బోల్టు జాతినిబట్టి యుండును. కొన్ని ఇంజనులలో బోల్టును మొదట కొంత బలముతో బిగించి, పిదప 90 డిగ్రీలు లేక పుస్తకములో చెప్పినన్ని డిగ్రీలు త్రిప్పవలెనని యుండును. ఇట్టి బోల్టులలో అనేకము సాగుడు హద్దు వరకు లాగబడునవి. వానిని ఒక పర్యాయము విప్పినచో తిరిగి వాడరాదు. క్రొత్తవి కొనియే తీరవలెను. ఈ పద్ధతి నేటి కారులలోను జీపులలోను ఎక్కువ.

బిగింపు బలము మాత్రమే చెప్పబడియున్న ఇంజనులలో పాత బోల్టు బాగుగా నున్నచో తిరిగి వాడవచ్చును. వాడుటకు ముందు ఈ పరీక్షలు చేయవలెను.

అ) బోల్టును డీజిలుతో కడిగి తుడిచి, క్రొత్త బోల్టు ప్రక్కన నిలిపి పొడవు చూడవలెను. పొడవు పెరిగిన బోల్టు సాగిపోయినది.

ఆ) మర మొదలుకొని తలవరకు కొలగాముతో లావు కొలువవలెను. నడుమ సన్నబడినచో పారవేయవలెను.

ఇ) మంచి నట్టును చేతితో మర చివరివరకు త్రిప్పవలెను. ఎచ్చటనైనను పట్టినచో మర సాగినదనియో చెడినదనియో తెలియవలెను.

ఈ) తల క్రింది మూలను, మర మొదటి చుట్టును వెలుగులో చూడవలెను. పగుళ్లు పుట్టుచోట్లు ఈ రెండే. త్రుప్పు గుంటలున్నను బోల్టు పనికిరాదు.

ఒక్క బోల్టు చెడియున్నచో మొత్తము జతను మార్చుట మేలు. అన్నియు ఒకే రీతి శ్రమపడినవి కదా. ఇంజను పూర్వచరిత్ర తెలియని పాత ట్రాక్టరును కొనినవారు పరీక్షల జోలికి పోక క్రొత్త బోల్టులే వేయించుకొనుట క్షేమము.

4. బోల్టా, స్టడ్డా?

బోల్టునకు తలయుండును, దానిని త్రిప్పినచో బ్లాకులోని మరలో తిరుగుచు బిగియును. స్టడ్డునకు రెండు కొనలును మరలే. ఒక కొనను బ్లాకులో నిలిపి, రెండవ కొనకు నట్టు బిగింతురు.

స్టడ్డు లాభములు ఇవి. బోల్టును బిగించునప్పుడు సాగుటతో పాటు మెలికయు పడును. స్టడ్డు నిలిచియుండి నట్టు మాత్రము తిరుగుటచే మెలిక తక్కువ, సాగుడు సమముగా నుండును. బ్లాకు పోత ఇనుముతో చేయబడినది. దాని మరలో బోల్టు మాటిమాటికి తిరిగినచో మర అరుగును. స్టడ్డు వేసినచో ఈ అరుగుదల యుండదు. పోత ఇనుములోనికి పోవు కొనకు ముతక మరయు, నట్టు కొనకు సన్న మరయు ఉంచుట సాధ్యమగును. సన్న మరచే బిగింపు కచ్చితముగా కుదురును.

నష్టములును గలవు. స్టడ్డుల వెల ఎక్కువ. క్యాపును తీయునప్పుడు స్టడ్డు పొడవంతయు నేరుగా క్రిందికి లాగవలెను; నూనె పంపు, సంపు తగులకుండ చోటున్నదో లేదో ముందుగా చూచుకొనవలెను. అన్నింటికంటె ముఖ్యమైనది, బోల్టుల స్థానమున స్టడ్డులు వేసినప్పుడు క్యాపుపై పడు బలమును, అది పడు తీరును మారును. అందుచే చిప్పలు లేకుండ క్యాపులను పూర్తిగా బిగించి, రంధ్రమును మూడు దిశలలో కొలిపింపవలెను. గుండ్రము తప్పినచో లేతు పనివారిచే రంధ్రములన్నిటిని ఒకే వరుసలో తిరిగి బోరు చేయింపవలెను. ఈ ఖర్చును లెక్కింపక స్టడ్డులు వేయించువారు క్రొత్త చిప్పలను త్వరలోనే పోగొట్టుకొందురు.

కావున నిర్ణయము ఇట్లు చేసికొనవచ్చును. ఇంజను నిర్మాత బోల్టులే ఇచ్చియుండి, బ్లాకు మరలు బాగుగానున్నచో అదే తరగతి క్రొత్త బోల్టులు చాలును. సామాన్యపు దుక్కికిని ట్రాలీ పనికిని ఇంతకు మించి అవసరములేదు. నిర్మాత స్టడ్డులు ఇచ్చియున్నచో స్టడ్డులే వేయవలెను. బ్లాకు మరలు అరిగియుండి వానిని క్రొత్తగా తీయించునప్పుడు, లేదా ఇంజను మాటిమాటికి విప్పబడు పనిలో నున్నప్పుడు, స్టడ్డుల సంగతి ఆలోచింపవచ్చును. అప్పుడు బోరు పనికి కూడ డబ్బు ప్రక్కన పెట్టుకొనవలెను.

చాల ఒంటి సిలిండరు ఆయిలింజనులలో క్యాపులు లేక, బేరింగు ప్రక్క గూటిలో నుండును. అందును గూటిని బిగించు బోల్టులకు ఈ నియమములే వర్తించును.

5. బిగింపులో జరుగు పొరపాట్లు

మంచి బోల్టు కొనియు బిగింపులో తప్పినచో ఫలములేదు. పానాతో వేయు శ్రమ నూరు పాళ్లయినచో సుమారు 50 పాళ్లు తల క్రింది ఒరిపిడికిని, 40 పాళ్లు మరల ఒరిపిడికిని పోవును. బోల్టును సాగదీయుటకు మిగులునది పది పాళ్లే. ఒరిపిడి కొంచెము మారినను ఈ పది పాళ్లు మిక్కిలి మారిపోవును.

ఉదాహరణము: 12 మిల్లీమీటర్ల 8.8 బోల్టును పొడి మరతో 9 కిలోగ్రాము-మీటర్ల బలముతో బిగించినచో సుమారు 3,750 కిలోగ్రాముల అదుము కలుగును. మరకు నూనె రాచి అదే 9 కిలోగ్రాము-మీటర్లతో బిగించినచో అదుము సుమారు 5,000 కిలోగ్రాములగును. అనగా బోల్టు తన హద్దునకు చేరును. ఇంకొక త్రిప్పునకు సాగిపోవును. కావున పుస్తకములోని అంకె నూనె మరకా, పొడి మరకా అని తెలిసికొనియే బిగింపవలెను. స్టడ్డులతో ప్రత్యేకమైన మైనము ఇచ్చినచో వారు చెప్పిన అంకెనే పాటింపవలెను. నూనెకు చెప్పిన అంకె దానికి చెల్లదు.

కొలతల భేదము మరియొక ప్రమాదము. పాత పుస్తకములలో అడుగు-పౌనులును, తరువాతి వానిలో కిలోగ్రాము-మీటర్లును, నేటి వానిలో న్యూటను-మీటర్లును ఉండును. 100 అడుగు-పౌనులు 13.8 కిలోగ్రాము-మీటర్లకు, 136 న్యూటను-మీటర్లకు సమానము. 100 న్యూటను-మీటర్లని యున్నచోట 100 అడుగు-పౌనులు బిగించినచో నూటికి 36 వంతులు ఎక్కువ బలము పడును.

టార్కు పానా లేని మిస్త్రీచే మెయిన్ బోల్టులు బిగింపింపరాదు. పానాకు పైపు తొడిగి దేహబలముతో బిగించుట ఎంతటి అనుభవజ్ఞునికైనను తగదు. పానా సరిగా పనిచేయుచున్నదో లేదో చూచుటకు సూత్రము సులభము: ఒక మీటరు చేతికొనను 9 కిలోగ్రాముల బలముతో అడ్డముగా లాగినచో 9 కిలోగ్రాము-మీటర్లు, అర మీటరు చేతికి 18 కిలోగ్రాములు కావలెను.

బ్లాకులోని రంధ్రములు చాలవరకు అడుగు మూసియుండును. వానిలో నూనెయో నీరో నిలిచియుండగా బోల్టు బిగించినచో ద్రవమునకు దారిలేక బ్లాకు పగులును. కావున రంధ్రములను కడిగి, గాలితో ఊది, ఆరబెట్టవలెను. నిర్ణయించినదానికంటె పొడవైన బోల్టు రంధ్రపు అడుగునకు తగిలి బిగిసినట్లు తోచును గాని క్యాపును పట్టదు. పొట్టి బోల్టునకు మర చాలదు. పోత ఇనుములో బోల్టు లావునకు ఒకటిన్నర రెట్లయినను మర దిగవలెను. 12 మిల్లీమీటర్ల బోల్టునకు 18 మిల్లీమీటర్లు.

6. బిగించు క్రమము

క్యాపులమీది అంకెలను, ముందువైపు గుర్తును చూచి దేని చోట దానినే ఉంచవలెను. ఒకదానికి బదులు మరియొకటి వేయరాదు. క్యాపును ఆకురాయితో అరగదీయరాదు. 1839వ సంవత్సరమున ఐజాక్ బాబిట్టు పేటెంటు పొందిన పద్ధతి వెంట బేరింగులలో తెల్లలోహపు పూత వాడుకలోనికి వచ్చినది. అట్టి పాత ఇంజనులలో రేకులు తీసివేసి క్యాపును దగ్గరచేయుట ఆచారము. నేటి పలుచని చిప్పల ఇంజనులలో ఆ ఆచారము ప్రాణాంతకము. రంధ్రము కోడిగ్రుడ్డు ఆకారమగును.

చిప్పల వెనుకవైపు నూనెగాని ధూళిగాని ఉండరాదు; లోపలివైపు శుభ్రమైన ఇంజనునూనె రాయవలెను. చిప్పలోని నూనె రంధ్రము బ్లాకులోని రంధ్రమునకు ఎదురుగా నుండవలెను. క్రాంకునకును చిప్పకును నడుమ సందు పుస్తకము ప్రకారము ఉండవలెను. క్రాంకు లావు అంగుళమునకు ఒక వేయవ వంతు అంగుళము అనునది మోటు లెక్క. 2½ అంగుళముల క్రాంకునకు సుమారు 0.06 మిల్లీమీటరు.

బోల్టులను ముందుగా చేతితో, పిదప నడుమ క్యాపునుండి ఇరువైపులకును, మూడు విడతలుగా బిగింపవలెను. ఒక్కొక్క క్యాపు బిగించిన వెంటనే క్రాంకును చేతితో త్రిప్పి చూడవలెను. ఒక క్యాపు తరువాత బరువు తోచినచో దోషము ఆ క్యాపులోనే యున్నది. విప్పి చూడక ముందునకు సాగరాదు. మడత వాషరులున్నచో ప్రతి పర్యాయము క్రొత్తవి వేయవలెను. నిర్మాత వేయనిచోట స్ప్రింగు వాషరు చేర్చరాదు.

7. రైతు జ్ఞాపకముంచుకొనవలసినవి

ఇంజను వేడెక్కినప్పుడు నూనె పీడనము తగ్గుట, బరువు లాగునప్పుడు అడుగున బరువైన దెబ్బ వినబడుట, సంపు నూనెలో లోహపు తళుకులు కనబడుట మెయిన్ బేరింగు చెడుచున్నదనుటకు గుర్తులు. ఈ గుర్తులు కనబడినప్పుడు ఇంకొక ఎకరము దున్నుదమని నడుపరాదు, వెంటనే నిలుపవలెను.

ఇంజను పనిని నాట్ల వేళకు వాయిదా వేయక, యాసంగి కోతలైన పిదప వేసవిలో చేయించుకొనవలెను. గోదావరిఖని, పెద్దపల్లి, కరీంనగరు బజారులలో కొనునప్పుడు ఇంజను నమూనా అంకెను చూపి, బోల్టు తలమీది గుర్తును స్వయముగా చదివి, రసీదు తీసికొనవలెను. బిగింపునాడు రైతు దగ్గరనుండి, ఒక్కొక్క బోల్టునకు వేసిన అంకెను కాగితముమీద వ్రాయించుకొనుట మంచిది. వ్రాయించుకొనిన మిస్త్రీ తొందరపడడు. ఇంజను మరల విప్పవలసివచ్చిననాడు ఆ కాగితమే సాక్ష్యము.

బోల్టుల జత వెల ఇంజను పని మొత్తపు వెలలో చిన్న భాగము. ఆ చిన్న భాగమును తగ్గించుకొనినవాడు క్రాంకును, బ్లాకును, ఒక కారు పంటను పణముగా పెట్టినవాడగును.